ఫైలు పాసైంది సరే, మనిషి లెక్కలోకి వచ్చాడా?

(ఇంగ్లండ్‌లో ఆరోగ్య డేటా పనుల్లో ఉన్న తెలుగువారి ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సూటిగా విషయంలోకి వస్తాను.

2015-16లో ఇంగ్లండ్‌లో మెంటల్ హెల్త్ యాక్ట్ అనే మానసిక ఆరోగ్య చట్టం కింద మనుషుల్ని వాళ్ళ ఇష్టంతో పని లేకుండా ఆసుపత్రిలో ఉంచిన సందర్భాలు 63,622 అని అధికారిక లెక్క. ఆ మరుసటి ఏడాది, 2016-17లో, అదే లెక్క 45,864. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది? ఒక్క ఏడాదిలో నాలుగో వంతు పైనే తగ్గిపోయింది, ఎంత మంచి వార్త అనిపిస్తుంది.

తగ్గలేదండి. డేటా సరిగ్గా పంపిన ఆసుపత్రుల్ని మాత్రమే విడిగా తీసుకుని అంచనా కడితే దాదాపు 2 శాతం పెరిగింది. మరి ఆ పదిహేడు వేల చిల్లర ఏమైంది? మధ్యలో లెక్క తీసుకునే పద్ధతి మారింది. అంతకుముందు కేపీ90 అని ఒక ఫారం ఉండేది. ఏడాదికి ఒకసారి ఒక్కో ఆసుపత్రి తన మొత్తాలు అందులో రాసి పంపేది. 2016-17 నుంచి ఒక్కో రోగి వివరాలతో నెలనెలా పంపే ఫైళ్ళలోంచే ఆ లెక్క తీయడం మొదలైంది. కొన్ని సంస్థలు ఆ ఫైలు పంపనే లేదు. కొన్ని పంపాయి కానీ నిర్బంధం వివరాలున్న పట్టికలు సగం సగమే నింపాయి. గణాంకాలు ప్రచురించినవాళ్ళు ఈ సంగతి దాచలేదు. అన్ని సంస్థలూ డేటా ఇవ్వలేదు, అసలు సంఖ్య ఇంతకంటే ఎక్కువే, పాత ఏడాదితో పోల్చవద్దు అని స్పష్టంగా రాశారు. కానీ అంకె ఒకసారి బయటికి వెళ్ళాక దాని వెనకాల ఉన్న వివరణ చదివేవాళ్ళు తక్కువ.

ఈ ఉదాహరణ ముందే ఎందుకు చెప్పానంటే, మన పనిలో అతి పెద్ద ప్రమాదం ఇక్కడే ఉంది. ఫైల్లో తప్పుగా పంపిన వరుసను, అంటే ఒక రికార్డును, పట్టుకోవడానికి వందల వ్యాలిడేషన్ రూల్స్, అంటే పరీక్షించే నియమాలు, ఉన్నాయి. పంపని వరుసను పట్టుకోవడానికి ఒక్కటీ లేదు. ఫైలు తెరమీద ఆకుపచ్చగా పాసయినట్టు కనిపిస్తుంది, మనం ఊపిరి పీల్చుకుంటాం, ఎక్కడో ఒక వార్డులో ఒక మనిషికి జరిగింది జరగనట్టే అయిపోతుంది. ఈరోజు నేను చెప్పాలనుకున్నది ఇదే. మిగతాదంతా దీన్ని వివరించడమే.

ఈ పనికి కొత్తగా వచ్చినవాళ్ళు కొందరు ఉన్నారు కాబట్టి డేటాసెట్ గురించి కొంచెం చెబుతాను. దీని పేరు మెంటల్ హెల్త్ సర్వీసెస్ డేటా సెట్. అందరం ఎంహెచ్‌ఎస్‌డీఎస్ అంటాం. దీనికి ముందు పెద్దవాళ్ళ సేవలకు మినిమమ్ డేటా సెట్ అని ఒకటి ఉండేది, 2003 నుంచి తప్పనిసరి. 2014లో అందులో లెర్నింగ్ డిసెబిలిటీ, అంటే మేధో వైకల్యం ఉన్నవాళ్ళ సేవలు కలిశాయి. 2016 జనవరి నుంచి పిల్లల సేవలు కూడా కలుపుకుని ఇప్పటి పేరుతో నడుస్తోంది. ఎన్‌హెచ్‌ఎస్, అంటే ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ, ఇచ్చే డబ్బుతో మానసిక ఆరోగ్య సేవ అందించే ప్రతి సంస్థా, అది ఎన్‌హెచ్‌ఎస్ సొంత సంస్థ అయిన ట్రస్టయినా ప్రైవేటు ఆసుపత్రయినా స్వచ్ఛంద సంస్థయినా, నెలకో ఫైలు పంపాలి. అయిదో వెర్షన్ 2021 అక్టోబరులో, ఆరో వెర్షన్ 2024 ఏప్రిల్‌లో వచ్చాయి. ముందు ఎన్‌హెచ్‌ఎస్ డిజిటల్ ఈ ఫైళ్ళు తీసుకునేది. 2023 ఫిబ్రవరిలో అది ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్‌లో కలిసిపోయింది.

ఇక ఫైలు ఎలా ఉంటుందో చూద్దాం. మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఖాళీ డేటాబేస్ ఒకటి ఇస్తారు. లోపల పట్టికలు ఉంటాయి, ఒక్కోదానికి ఒక నంబరు. 000 అంటే హెడర్, అంటే ఏ సంస్థ, ఏ నెల, ఏ వెర్షన్ అనే వివరాలు. 001 రోగి వివరాలు. 101 రెఫరల్, అంటే రోగిని ఆ సేవకు పంపిన నమోదు. 201 ఆ రెఫరల్ కింద జరిగిన కాంటాక్టు, అంటే నర్సో డాక్టరో ఆ మనిషితో మాట్లాడిన సందర్భం. 202 ఆ కాంటాక్టులో చేసిన పని. 401 చట్టపరమైన నిర్బంధ కాలం. 501 ఆసుపత్రిలో ఉన్న కాలం, 502 అందులో ఏ వార్డులో ఎన్నాళ్ళు ఉన్నారనేది. ఇవన్నీ నింపి పోర్టల్‌లో ఎక్కిస్తే, అవతల సిస్టమ్ పరీక్షించి నివేదిక ఇస్తుంది.

ఈ పట్టికలు పూలదండలాంటివి. ముడి విడిపోతే జారేది ఒక్క పువ్వు కాదు, దాని తర్వాత గుచ్చిన పూలన్నీ జారిపోతాయి. 001లో రోగి వరుస రిజెక్ట్ అయితే ఆ రోగి రెఫరల్‌కి ఆధారం లేదు. రెఫరల్ లేకపోతే కాంటాక్టుకి ఆధారం లేదు. మనిషి నెలంతా వార్డులోనే ఉండి ఉండవచ్చు, రోజూ నర్సు మందులిచ్చి ఉండవచ్చు. పుట్టిన తేదీ గడిలో ఒక అంకె తేడా వల్ల ఆ నెల మొత్తం లెక్కల్లోంచి ఆయన మాయమైపోతారు.

అందుకే రిజెక్షన్లలో రకాలు తెలుసుకోవడం చాలా ముఖ్యం. ఫైలు మొత్తం రిజెక్ట్ అయితే నిజానికి అదే తేలిక. హెడర్‌లో నెల తప్పు పడింది, సంస్థ కోడు తప్పు పడింది, ఫైలు తిరిగొచ్చింది, అందరికీ తెలిసింది, సరిదిద్ది మళ్ళీ పంపుతాం. టెన్షన్ ఒక గంటే. గ్రూపు రిజెక్షన్ అలా కాదు. ఒక వరుసతో పాటు దాని కింద ఉన్నవన్నీ పోతాయి, ఫైలు మాత్రం పాసైనట్టే కనిపిస్తుంది. రికార్డు రిజెక్షన్‌లో ఆ ఒక్క వరుసే పోతుంది. చివరిది వార్నింగ్. వరుసను తీసుకుంటారు, కానీ ఏదో తేడాగా ఉందని చెబుతారు.

చాలా చోట్ల మొత్తం మీద ఎన్ని శాతం పాసయిందో చూసి ఊరుకుంటారు. 40,000 కాంటాక్టుల్లో 120 రిజెక్ట్ అయ్యాయి అనుకుందాం. 0.3 శాతం. పోనీలే అనిపిస్తుంది. కానీ ఆ 120 వరుసలూ ఒకే బృందానివి అయితే? రోడ్డు మీద ఉంటున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి వైద్యం చేసే చిన్న బృందం అనుకోండి, నెలలో వాళ్ళు చేసిన పనంతా ఆ 120లోనే ఉంటే? ట్రస్టు స్థాయిలో అది 0.3 శాతం, ఆ బృందానికి నూటికి నూరు శాతం. వచ్చే ఏడాది నిధుల గురించి మాట్లాడేటప్పుడు వాళ్ళ పేరు మీద సున్నా ఉంటుంది. కాబట్టి రిజెక్షన్లను మొత్తంగా చూడకండి, బృందాల వారీగా విడగొట్టి చూడండి. ఇది పది నిమిషాల పని.

ఇప్పుడు ఒక్క గడిని దగ్గరగా చూద్దాం. ఎన్‌హెచ్‌ఎస్ నంబరు, ఒక్కో రోగికి ఉండే గుర్తింపు సంఖ్య. పది అంకెలు. చివరి అంకె మిగతా తొమ్మిదింటిని కాపలా కాస్తుంది. ఎలాగో చెబుతాను, కాగితం ఉంటే మీరూ వేయండి. 999తో మొదలయ్యేవి పరీక్షల కోసం కేటాయించిన నంబర్లు, ఎవరికీ చెందవు, అందుకే వాటిలో ఒకటి తీసుకుంటున్నాను. మొదటి తొమ్మిది అంకెలు 999 000 001. మొదటి అంకెను 10తో, రెండోదాన్ని 9తో, మూడోదాన్ని 8తో, అలా చివరిదాన్ని 2తో గుణించాలి. 90, 81, 72, మధ్యలో సున్నాలు, చివర 2. మొత్తం 245. దాన్ని 11తో భాగిస్తే శేషం 3. 11లోంచి 3 తీసేస్తే 8. కాబట్టి పదో అంకె 8 అయితేనే ఆ నంబరు చెల్లుతుంది. తీసివేతలో 11 వస్తే చివరి అంకె సున్నా. 10 వస్తే ఆ నంబరు అసలు వాడరు. ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా ఈ లెక్క దాన్ని పట్టేస్తుంది.

చాలా మంచి పరీక్ష ఇది. కానీ ఏం పట్టదో కూడా తెలియాలి. రిసెప్షన్‌లో ఒకే ఇంటిపేరున్న ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకరి నంబరు రెండోవాళ్ళ రికార్డులో పడింది. అంకెలన్నీ సరైనవే, చివరి అంకె సరిపోతుంది, ఫైలు పాసవుతుంది. తమ్ముడి నిర్బంధం అన్న ఖాతాలో పడుతుంది. గణితానికి అది తప్పులా కనిపించదు. దీన్ని పట్టుకోవాలంటే నంబరుతో పాటు పేరు, పుట్టిన తేదీ, పోస్ట్‌కోడు జాతీయ రిజిస్టర్‌తో సరిచూడాలి. దాన్నే మనం ట్రేసింగ్ అంటాం. ఆ పని సబ్మిషన్ వారంలో మొదలుపెడితే అవదు. రోగి చేరిన రోజే జరగాలి.

ఎక్సెల్ గురించి ఒక మాట. ఫైలును మధ్యలో ఎక్సెల్‌లో తెరిచి చిన్న సవరణ చేద్దామని అందరికీ అనిపిస్తుంది. దయచేసి వద్దు. రోగి లోకల్ ఐడీ 0045871 అనుకోండి. ఎక్సెల్ దాన్ని అంకె అనుకుని ముందున్న సున్నాలు తీసేస్తుంది, 45871 మిగులుతుంది. 001 పట్టికను మాత్రమే అలా తెరిచి సేవ్ చేశారు, 101ని ముట్టుకోలేదు. ఇప్పుడు ఒక పట్టికలో 0045871, రెండో పట్టికలో 45871. కంప్యూటర్‌కి ఇద్దరూ వేరు. సున్నాతో మొదలయ్యే ప్రతి రోగి రెఫరలూ ఆధారం లేక రాలిపోతుంది. స్నోమెడ్ కోడ్లతో, అంటే జబ్బులకూ చికిత్సలకూ వాడే వైద్య కోడ్లతో, ఇంకా చిత్రంగా ఉంటుంది. అవి 18 అంకెల దాకా ఉండవచ్చు. ఎక్సెల్ ఒక సంఖ్యలో మొదటి 15 అంకెలే గుర్తు పెట్టుకుంటుంది, ఆ తర్వాతవి సున్నాలు చేసేస్తుంది. పదహారంకెల కోడు చివరి అంకె పోయి సున్నా అవుతుంది. చూడటానికి ఏ తేడా తెలియదు. నివేదికలో చెల్లని కోడు అని వస్తే గంటల తరబడి క్లినికల్ సిస్టమ్‌లో వెతుకుతారు, అక్కడ కోడు సరిగ్గానే ఉంటుంది. సవరణ ఏదైనా మూలంలో చేయండి, సిస్టమ్‌లోంచి మళ్ళీ ఎక్స్‌ట్రాక్ట్, అంటే కొత్త ఫైలు, తీయండి. మధ్యలో చెయ్యి పెట్టిన ఫైలుకి వచ్చే నెల కూడా అదే తప్పు వస్తుంది.

[సభలో ఒకరు: అండీ, మేము రిజెక్షన్లు సున్నాకి తెచ్చాం. ఇక మా డేటా బాగున్నట్టే కదా?]

మంచి ప్రశ్న అమ్మా. ముందు అభినందనలు, సున్నాకి తేవడం తేలిక కాదు. కానీ బాగున్నట్టే అనలేను. ఎందుకో చెబుతాను.

ప్రతి కాంటాక్టుకీ హాజరు కోడు ఒకటి ఉంటుంది. 5 అంటే సమయానికి వచ్చారు. 6 అంటే ఆలస్యంగా వచ్చారు, అయినా చూశారు. 7 అంటే ఆలస్యంగా వచ్చారు, చూడటం కుదరలేదు. 3 అంటే చెప్పకుండా రాలేదు. 2 రోగి రద్దు చేసుకున్నారు, 4 సంస్థ రద్దు చేసింది. ఆరూ చెల్లే కోడ్లే. మీ క్లినికల్ సిస్టమ్‌లో బటన్ల పేర్లు వేరేగా ఉంటాయి, వాటిని ఈ కోడ్లకు జతచేసే మ్యాపింగ్ పట్టిక ఎవరో ఎప్పుడో రాసి ఉంటారు. ఆ పట్టికలో "ఆలస్యంగా వచ్చారు" అన్నదాన్ని 6కి బదులు 7కి కలిపితే? ఒక్క వరుస కూడా రిజెక్ట్ కాదు, ఒక్క వార్నింగ్ కూడా రాదు. కానీ 6 లెక్కలోకి వస్తుంది, 7 రాదు.

పిల్లల విషయంలో దీని ప్రభావం చాలా ఉంటుంది. 2016 ఫిబ్రవరిలో వచ్చిన మానసిక ఆరోగ్య సేవల అయిదేళ్ళ ప్రణాళికలో, 2020-21 నాటికి ఏడాదికి అదనంగా కనీసం 70,000 మంది పిల్లలకు చికిత్స అందాలని లక్ష్యం పెట్టారు. మొదట్లో ఒక పిల్లవాడికి సేవ అందినట్టు లెక్కించాలంటే కనీసం రెండు కాంటాక్టులు కావాలి, తర్వాత ఒకటి చాలన్నారు. రెండు కావాల్సిన రోజుల్లో ఆలోచించండి. రెండోసారి బస్సు దొరక్క పది నిమిషాలు ఆలస్యంగా వచ్చి, డాక్టరుతో అరగంట మాట్లాడి వెళ్ళిన పిల్లవాడు ఆ మ్యాపింగ్ తప్పు వల్ల చికిత్స అందనివాడి కింద లెక్క. సిస్టమ్ దృష్టిలో డేటా నూటికి నూరు శాతం శుభ్రం.

కాబట్టి అమ్మా, రిజెక్షన్లు సున్నా అయ్యాక అసలు పని మొదలవుతుంది. ఏడాదికి ఒకసారయినా మ్యాపింగ్ పట్టిక ముందు పెట్టుకుని, ఆ బటన్లు నొక్కే నర్సుల్నీ అడ్మిన్ సిబ్బందినీ పిలిచి, "మీరు ఇది ఎప్పుడు నొక్కుతారు" అని ఒక్కోదాని గురించి అడగండి. మనం అనుకున్న అర్థానికీ వాళ్ళు వాడే తీరుకీ తేడా ఉంటే అక్కడే బయటపడుతుంది.

ఇలాంటిదే ఇంకోటి, మూయని రెఫరళ్ళు. చికిత్స అయిపోయింది, మనిషి వెళ్ళిపోయాడు, డిశ్చార్జి తేదీ ఎవరూ నింపలేదు. ఆ రెఫరల్ నెలనెలా ఫైల్లో వెళ్తూనే ఉంటుంది. సేవలో ఉన్నవారి సంఖ్యలో ఆయన ఏళ్ళ తరబడి ఉంటాడు. ఎదురుచూసేవాళ్ళ సగటు కాలం పెరిగిపోతుంది. ఖాళీ డిశ్చార్జి తేదీ తప్పు కాదు కాబట్టి రూల్స్ ఏమీ అనవు. ఆరు నెలలుగా ఒక్క కాంటాక్టూ లేని తెరిచిన రెఫరళ్ళ జాబితా తీసి బృందాలకు పంపండి. అందులో కొందరు నిజంగానే ఎదురుచూస్తున్నవాళ్ళు ఉంటారు, వాళ్ళు కనిపించడం ఇంకా ముఖ్యం.

నిర్బంధ కాలాలకూ సొంత పరీక్షలు పెట్టుకోవాలి. చట్టం గడువులు చెప్పేసింది. సెక్షన్ 5(4) కింద నర్సు ఆపగలిగేది ఆరు గంటలు. 5(2) కింద డాక్టరు ఆపగలిగేది 72 గంటలు. పరీక్షించి చూడటానికి ఉంచే సెక్షన్ 2 అయితే 28 రోజులు. పోలీసులు తీసుకొచ్చే సెక్షన్ 136 కింద 24 గంటలు, అవసరమైతే మరో 12. మీ ఫైల్లో ఆరు గంటల అధికారం మూడు రోజులు నడిచినట్టు ఉంటే రెండిటిలో ఒకటి జరిగింది. ముగింపు సమయం నింపలేదు, లేదా ఒక మనిషిని చట్టం ఇచ్చిన గడువు దాటి నిజంగానే ఆపారు. మొదటిది డేటా తప్పు. రెండోది ఆ మనిషి హక్కుకు సంబంధించింది, అది వెంటనే ఆసుపత్రిలో ఈ చట్టం కాగితాలు చూసే మెంటల్ హెల్త్ యాక్ట్ ఆఫీసుకు వెళ్ళాలి. ఏదో ఒక తేదీ నింపేసి వరుసను పాస్ చేయించడం మాత్రం ఎప్పుడూ చేయకండి. రికార్డు చూడకుండా నింపిన తేదీ అబద్ధమే.

ఇప్పుడు నాకు మనసుకి చాలా దగ్గరైన విషయం. ఒలసేని లూయిస్ అనే 23 ఏళ్ళ యువకుడు 2010లో సాయం కోసం తనంతట తానుగా మానసిక ఆసుపత్రిలో చేరాడు. అక్కడ పోలీసులు చాలాసేపు బలవంతంగా అదిమి పట్టుకున్నాక స్పృహ కోల్పోయి, ఆ తర్వాత చనిపోయాడు. అతని తల్లిదండ్రులు ఏళ్ళ తరబడి పోరాడారు. ఆ పోరాటం వల్లే 2018లో మానసిక ఆసుపత్రుల్లో బలప్రయోగం మీద ఒక చట్టం వచ్చింది. అందరూ సేనీ చట్టం అంటారు. 2022 మార్చి ఆఖరున అందులోని చాలా భాగం అమల్లోకి వచ్చింది. ఆ చట్టం అడిగే వాటిలో ముఖ్యమైనది రికార్డు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి మీద, ఏ రకంగా, ఎంతసేపు, ఎందుకు బలం వాడారో రాయాలి. ఆ వివరాలు దేశం మొత్తానికి కలిపి చూసే దారి మన ఫైలే. సంఘటనకు ఒక వరుస, అందులో వాడిన ఒక్కో రకానికి కింద ఒక్కో వరుస.

ఇక్కడ చిక్కు ఎక్కడంటే, చాలా ట్రస్టుల్లో ఈ సంఘటనలు రాసేది రోగి రికార్డులో కాదు. సంఘటనల రిజిస్టర్ కోసం వేరే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అందులో ఎన్‌హెచ్‌ఎస్ నంబరు గడి ఖాళీగా ఉండవచ్చు, పేరు పొడి అక్షరాల్లో ఉండవచ్చు, ఒక రాత్రిలో ఒకే మనిషికి జరిగిన మూడు సంఘటనలు ఒకే ఎంట్రీలో ఉండవచ్చు. నెలాఖరున మనం ఆ రెండు సిస్టమ్‌లనూ కలపాలి. కలవని ఎంట్రీలు పక్కన పడతాయి. పక్కన పడ్డవి ఫైల్లోకే వెళ్ళవు కాబట్టి రిజెక్ట్ కావు. రిజెక్ట్ కావు కాబట్టి నివేదికలో కనిపించవు. ఆ నెల ఆ వార్డులో బలప్రయోగం తక్కువ అన్నట్టు కనిపిస్తుంది.

నిజాయితీగా రాసే వార్డు అంకెలు పెద్దగా, రాయని వార్డు అంకెలు చిన్నగా కనిపించడం ఇక్కడి అన్యాయం. సున్నా పంపిన వార్డును చూసి మెచ్చుకునే ముందు ఆ సున్నా ఎలా వచ్చిందో అడగాలి. నేను చూసినంతలో పనికొచ్చే మార్గం ఒకటే. కలవని ఎంట్రీల సంఖ్యను కూడా ప్రతి నెలా రాసి పెట్టి, వార్డు మేనేజర్‌కి పంపడం. ఎన్ని పంపామో ఒక కాలమ్, రిజిస్టర్‌లో ఎన్ని ఉన్నాయో ఇంకో కాలమ్. ఆ రెండూ పక్కపక్కన కనిపిస్తే వాళ్ళే వచ్చి సరిచేస్తారు. నర్సులకు తాము చేసిన పని సరిగ్గా లెక్కలోకి రావాలనే ఉంటుంది. వాళ్ళకు కనిపించే దారి మనం చూపించాలి.

జాతి వివరాల గురించి కొంచెమే చెబుతాను, కానీ తేలిగ్గా తీసుకోకండి. ఈ గడిలో జెడ్ అంటే అడిగాం, చెప్పడానికి ఇష్టపడలేదు అని. 99 అంటే తెలియదు అని. రెండూ చెల్లుతాయి. కానీ 99లు పేరుకుపోయాయంటే అసలు ఎవరూ అడగలేదని అర్థం. నల్లజాతివారిని నిర్బంధించే రేటు తెల్లజాతివారితో పోలిస్తే నాలుగు రెట్ల పైన ఉందని 2018-19 అధికారిక గణాంకాలు చెప్పాయి. సర్ సైమన్ వెస్లీ అధ్యక్షతన జరిగి 2018 డిసెంబరులో వచ్చిన మెంటల్ హెల్త్ యాక్ట్ స్వతంత్ర సమీక్ష ఈ అసమానత గురించి గట్టిగా మాట్లాడింది. ఆ మాట అనగలిగింది ఎక్కడో ఒక వార్డు క్లర్కు ఆ గడి అడిగి నింపడం వల్లే.

[సభలో ఇంకొకరు: సార్, సిస్టమ్ మొత్తం పడిపోతే ఏం చేయాలి? 2022లో మాకు అలాగే అయింది.]

అవును, 2022 ఆగస్టులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ మీద జరిగిన సైబర్ దాడి వల్ల కొన్ని ట్రస్టులకు తమ రోగుల రికార్డులే కొన్నాళ్ళు అందలేదు. ఫైళ్ళు పంపలేకపోయారు, ఆ నెలల జాతీయ అంకెల మీద ఆ ప్రభావం పడింది. అలాంటప్పుడు చేయవలసింది రెండు. కాగితం మీద రాసుకున్న రికార్డును తర్వాత సిస్టమ్‌లో ఎక్కించేటప్పుడు ఎక్కించిన తేదీ కాకుండా జరిగిన తేదీ వేయాలి. లేకపోతే రెండు నెలల కాంటాక్టులు ఒకే రోజు జరిగినట్టు ఉంటుంది. రెండోది, ఆ నెలల ఫైళ్ళు సరిచేసి మళ్ళీ పంపాలి. మొదటి లెక్క ప్రొవిజనల్, అంటే తాత్కాలికం మాత్రమే, సవరించిన ఫైలుతో తర్వాత మళ్ళీ లెక్క కడతారు. ఆ అవకాశాన్ని వదులుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. కొత్త నెల ఒత్తిడిలో పాత నెల మర్చిపోతారు.

[మరొకరు: సార్, ఇంత చేసే టైము మాకుండదు. మధ్యాహ్నం డెడ్‌లైన్, పొద్దున్నే రిపోర్టులో రెండు వందల రిజెక్షన్లు. ఎక్కడ మొదలుపెట్టాలి?]

అందరి పరిస్థితీ అదేనండి, సరే, అదే చెబుతాను. ముందు 001 పట్టిక చూడండి. అక్కడ ఒక్క వరుస బాగుచేస్తే కింద పదో ఇరవయ్యో వాటంతట అవే నిలబడతాయి. రెండు వందలంటే నిజానికి పన్నెండు మంది రోగులే కావచ్చు. ఆ తర్వాత 101, తర్వాత 501. వీటి కింద కూడా చాలా వేలాడుతుంటాయి. నిర్బంధం, బలప్రయోగం పట్టికల్లో ఒక్క వరుస ఉన్నా దాన్ని వదలకండి, సంఖ్య తక్కువైనా ఆ వరుసలు బరువైనవి. మిగిలిన కాంటాక్టుల్ని బృందం వారీగా పేర్చండి, ఒకే బృందం పేరు వరుసగా వస్తే కారణం ఒకటే అయి ఉంటుంది. అప్పటికీ కొన్ని మిగులుతాయి. తెలియనివాటిని ఊహించి నింపకుండా అలాగే వదిలేయండి, ఐడీలు ఒక షీట్‌లో రాసుకోండి, కారణం పక్కన రాయండి, ఆ వార్డుకు ఆ రోజే మెయిల్ చేయండి. ఫైలు పంపేశాక పోర్టల్ ఇచ్చిన ఆమోదించిన వరుసల సంఖ్యను మీ క్లినికల్ సిస్టమ్‌లో ఉన్న సంఖ్యతో పట్టికల వారీగా పోల్చండి. అన్నిటికంటే ముందు 401, ఆ తర్వాత 502. నెలాఖరు రాత్రి వార్డులో ఎంతమంది పడుకున్నారో వార్డుకు తెలుసు. ఫోన్ చేసి అడగండి, మీ ఫైల్లో ఎంతమంది ఉన్నారో చూడండి. వాళ్ళు పద్దెనిమిది అన్నారు, మీకు పదహారే కనిపించారు అనుకోండి, ఆ ఇద్దరు ఎవరో అడిగి పేర్లు రాసుకోండి. సవరించిన ఫైల్లో ముందు వెళ్ళాల్సింది వాళ్ళే.